ఎదురెదురు మాస్టారు

ఇద్దరు మనుషులు చెరో వైపు నుంచి నడిచి వస్తుంటే మామూలు వాళ్లు పక్కకు తప్పుకుంటారు. మాస్టారు మాత్రం అక్కడే ఆగి, జేబులోంచి వాచీ తీసి, వాళ్లిద్దరూ ఎక్కడ కలుస్తారో లెక్క కడతారు. కట్టి ఊరుకుంటే గొడవే లేదు. సరిగ్గా ఆ చోటికి వెళ్లి నిలబడతారు. పరధ్యానంగా వచ్చినవాళ్లిద్దరూ ఆయన పొట్టకి చెరో పక్కా గుద్దుకుంటే, "చూశారా!" అని మురిసిపోతారు.

బడిలో ఏడో తరగతికి వేగం, దూరం, కాలం లెక్కలు చెప్పి చెప్పి రిటైరయ్యారాయన. బడి ఆయన్ని వదిలింది గాని ఆయన లెక్కల్ని వదల్లేదు. ఏ లెక్కయినా ఆయన నోట ఒకేలా మొదలవుతుంది: "ఇద్దరు ఎదురెదురుగా బయల్దేరారు..." అందుకే ఊరంతా ఎదురెదురు మాస్టారు అంటుంది. అసలు పేరు ఆయన భార్యకి కూడా ఒక్కోసారి వెంటనే తట్టదు.

ఓసారి గడ్డం గీయించుకుంటూ మంగలిని అడిగారు. "నువ్వు ఈ చెంప నుంచీ, ఇంకొకడు ఆ చెంప నుంచీ గీకుతూ వస్తే ఎక్కడ కలుస్తారోయ్?"

"మీ ముక్కు కింద మాస్టారూ. ముక్కు ఉండాలంటే కదలకండి," అన్నాడు మంగలి.

ఇంకోసారి భార్య పాలకి పంపింది. వెళ్లినంత హుషారుగానే తిరిగొచ్చారు, ఖాళీ గిన్నెతో.

"పాలేవండీ?"

"పాలవాడు అటునుంచి, నేను ఇటునుంచి. దీపస్తంభం దగ్గర కలవాలని లెక్క."

"కలిశారా?"

"అడుగు కూడా తేడా లేకుండా! ఆ సంతోషంలో దాటి వచ్చేశాను."

ఆవిడ గిన్నె తీసుకుని తనే బయల్దేరింది. పాలవాడు ఇప్పుడు ఎంత దూరంలో ఉంటాడో, ఎంత వేగంగా నడిస్తే అందుకోగలదో మాస్టారు గుమ్మంలోంచి కేకవేసి చెప్పారు. ఆవిడ వెనక్కి తిరిగి చూసిన చూపుకి మాత్రం ఏ సూత్రమూ లేదు.

పోస్ట్‌మాన్ సంగతి మరీ అన్యాయం. ఓ రోజు కుక్క తరిమింది. పాపం, సంచీ భుజాన వేసుకుని పరుగో పరుగు. అరుగు మీద కూర్చున్న మాస్టారు లేచి నిలబడి అరిచారు. "నువ్వు సెకనుకి ఐదు మీటర్లు, అది ఎనిమిది! మధ్యలో ముప్ఫై! పది సెకన్లలో అందుకుంటుందోయ్, మందులషాపు మెట్ల దగ్గర!" అక్కడే అందుకుంది. ఆసుపత్రిలో ఇంజక్షన్ చేయించుకుంటూ పోస్ట్‌మాన్ నర్సుతో వాపోయాడు. "కరిచినందుకు కుక్క మీద నాకు కోపం లేదమ్మా. ముందే చెప్పినందుకు ఆయన మీద కోపం."

నర్సు పకపకా నవ్విందట. నవ్వి, "నేనూ ఆయన దగ్గరే చదువుకున్నాను. మీకు నయం, నన్ను బెంచీ ఎక్కించేవారు," అందట.

ఈ ముక్క పోస్ట్‌మాన్ టైలరమ్మ కొట్టులో చెప్పాడు. కొట్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. టైలరమ్మ మాత్రం తల ఎత్తకుండా మిషను గబగబా తొక్కింది. నర్సు మాట వస్తే ఆవిడ మిషను వేగం పెరుగుతుందని ఊళ్లో అందరికీ తెలుసు. పోస్ట్‌మాన్‌కీ తెలుసు, మర్చిపోయాడంతే. నాలిక కరుచుకుని వెళ్లిపోయాడు.

నర్సు ఆవిడ సొంత చెల్లెలు.

ఇద్దరికీ మాటల్లేవు. తల్లి టైలరమ్మ ఇంట్లోనే మంచాన పడి ఉండేది. ఓ పొద్దున ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. టైలరమ్మ ఆసుపత్రికి కబురంపింది. చెల్లెలు ఆ సమయానికి కాన్పు గదిలో ఉంది. బిడ్డ అడ్డం తిరిగింది, వదిలి రావడానికి వీల్లేదు. వచ్చేసరికి అయిపోయింది. రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డ చెల్లెల్ని చూసి, అంతమంది ముందు టైలరమ్మ ఒక మాట అనేసింది. "ఊరందరికీ నర్సువి. అమ్మకి మాత్రం కాలేకపోయావు." మాట నోట్లోంచి బయటపడుతుండగానే వెనక్కి లాక్కుందామనుకుంది. అందలేదు. చెల్లెలు తల్లి కాళ్లకి దణ్ణం పెట్టుకుని వెళ్లింది, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

అప్పటినుంచీ ఒకే ఊళ్లో ఉంటూ ఇద్దరూ ఒకరి కంట ఒకరు పడకుండా తిరగడంలో ఆరితేరిపోయారు. దూరాన తెల్లకోటు కనిపిస్తే టైలరమ్మ సందులోకి తిరుగుతుంది. దూరాన టైలరమ్మ పసుప్పచ్చ గొడుగు కనిపిస్తే చెల్లెలికి ఏదో గుర్తొచ్చి వెనక్కి మళ్లుతుంది.

మాస్టారు ఆ కొట్టులో రోజూ కాసేపు కూర్చునేవారు. టైలరమ్మ ఒకప్పుడు ఆయన క్లాసులో మొదటి బెంచీ. కత్తిరింపుల బల్ల పక్కన స్టూలు లాక్కుని, బట్ట మీద పడకుండా కాళ్లు ముడుచుకుని ఆవిడ పని చూస్తారు. ఓ రోజు ఉన్నట్టుండి అడిగారు.

"అమ్మాయ్, నువ్వు గంటకి ఎంత నడుస్తావు?"

"నేను నడవను మాస్టారూ, కుడతాను."

"దారాలకి వంతెన అవతలికి వెళ్తావుగా?"

"వెళ్తా. అయితే?"

అయితే ఏముంది? ఆ వారం ఆవిడ దారాలకి బయల్దేరేసరికి మాస్టారు వాచీ పట్టుకుని పక్కనే తయారు. ఆవిడ నడిస్తే నడుస్తారు, ఆగితే ఆగుతారు. కూరగాయలు బేరం చేస్తుంటే, "ఇది కలపను," అంటారు. వంతెన మొదటిదాకా వచ్చి, "గంటకి నాలుగు కిలోమీటర్లు. ఒడిదుడుకుల్లేని నడక. భేష్," అని మెచ్చుకుని వెళ్లిపోయారు. పెళ్లిచూపుల్లో కూడా తన నడకని అంతగా ఎవరూ చూడలేదని టైలరమ్మ నవ్వుకుంది.

అక్కడితో అయిపోలేదు. ఆ మర్నాటి నుంచీ ఆయనకి విపరీతంగా బట్టల పని పడింది. చొక్కాకి గుండీ ఊడిందంటారు. "ఇదే రంగు గుండీ కావాలి, అవతలి ఒడ్డున దొరుకుతుంది, ఇప్పుడే వెళ్లు," అంటారు. ఆవిడ విసుక్కుంటూనే వెళ్లేది. గురువుగారు, కాదనలేదు. దారిలో ఎవరో పలకరిస్తే రెండు మాటలు మాట్లాడేది. తీరా వంతెన ఎక్కి దిగేసరికి మాస్టారు గుర్రపు పందెంలో ఓడినవాడిలా మొహం వేలాడేసుకుని అక్కడ నిలబడి ఉండేవారు.

"ఆగావా?"

"ఆగితే ఏమైంది?"

"ఏకరీతి వేగం పోయింది. ఇప్పుడేం లాభం?"

ఇంకో రోజు మేక అడ్డొచ్చింది. ఇంకో రోజు ఆవిడ చెప్పు తెగింది. ఆ చెప్పు తెగిన రోజు మాస్టారు నెత్తి కొట్టుకున్నంత పని చేశారు. ఆవిడకి భయం వేసి ఆయన భార్యని అడిగింది.

"పిన్నిగారూ, మాస్టారికి ఒంట్లో బాగానే ఉందా?"

"బాగుంది గనకే ఇలా ఉన్నారు. బాగాలేనప్పుడు మామూలుగా ఉంటారు," అంది ఆవిడ.

ఇంతలో ఆ కబురు వచ్చింది. బట్టలిచ్చి పోవడానికి వచ్చిన ఒకావిడ మాటల్లో జారవిడిచింది. నర్సు భర్తకి దూరాన ఏదో ఊరికి బదిలీ అయిందట, వచ్చే వారమే సామాను సర్దేస్తున్నారట.

"వెళ్తే వెళ్లనీండి. వాళ్ల ఇష్టం," అంది టైలరమ్మ.

ఆ పూట కుట్టిన చొక్కాకి ఎడమ చెయ్యి కుడివైపు వచ్చింది. విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ అలాగే వచ్చింది. కొట్టు తలుపు సగం వేసి, మిషను మీద మోచేతులు ఆనించి చాలాసేపు ఊరికే కూర్చుంది. తనే ముందు వెళ్లి పలకరిస్తే? తలుపు తియ్యకపోతే? తీసి, "ఎవరికోసం?" అంటే? చెల్లెలి ఇల్లు ఎంతో దూరం లేదు. కాని ఆ దూరం నడవడానికి ఎంత వేగం కావాలో ఆవిడకి అర్థం కాలేదు.

స్టూలు మీద మాస్టారు ఆ రోజు ఒక్క లెక్క కూడా చెప్పలేదు. లేచి వెళ్లిపోయారు.

మర్నాడు సాయంత్రం ఒక నీలం చొక్కా పట్టుకుని హడావిడిగా దిగారు. చంక దగ్గర కుట్టు విడిపోయింది. కత్తెరతో విప్పినట్టు చక్కగా విడిపోయింది.

"అచ్చం ఈ నీలం దారమే కావాలి. దారాల కొట్టు మూసేస్తాడు. ఇప్పుడే, ఈ నిమిషమే బయల్దేరు. ఎవరితో మాట్లాడకు. చెప్పులు చూసుకున్నావా?"

"చూసుకున్నా మాస్టారూ," అని గొడుగు కోసం వెతికింది. కనబడలేదు. పొద్దున ఎండకి అడ్డమని మాస్టారే పట్టుకెళ్లిన సంగతి గుర్తొచ్చింది. ఉత్త చేతుల్తో బయల్దేరింది.

ఆ వంతెన గురించి ఒక మాట చెప్పాలి. నడిచేవాళ్ల కోసం కట్టింది. కింద పడవలు పోవాలని మధ్యలో ఒంటె మూపురంలా ఎత్తుగా లేపారు. ఇటు ఎక్కేవాళ్లకి అటు ఎక్కేవాళ్లు మూపురం మీదికి వచ్చేదాకా కనబడరు. వెడల్పు అంతంత మాత్రం. ఇద్దరు ఎదురైతే పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, ఒకరినొకరు పలకరించుకుంటూ దాటాల్సిందే.

టైలరమ్మ వంతెన మొదటికి చేరేసరికి అడ్డదారిన వచ్చిన మాస్టారు అక్కడ ఉన్నారు. మొహం పాలిపోయి ఉంది. వాచీ వంక, నది అవతలి ఒడ్డు వంక మార్చి మార్చి చూస్తున్నారు. ఆవిణ్ణి చూడగానే రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆగు! ఒక్క లెక్క."

"ఎవరితోనూ మాట్లాడొద్దన్నారుగా?"

"నాతో మాట్లాడొచ్చు. ఇలా, ఇటు తిరిగి నిలబడు. నా కళ్లకి ఎండ కొడుతోంది," అని ఆవిడ వీపు నదివైపు ఉండేలా తిప్పి నిలబెట్టారు. "ఒకడు పక్క ఊరికి గంటకి నాలుగు కిలోమీటర్ల చొప్పున వెళ్లాడు. అదే దారిలో గంటకి ఆరు చొప్పున తిరిగొచ్చాడు. మొత్తం మీద సగటు వేగం ఎంత?"

"మీరే చెప్పండి, నాకు కొట్టు మూసేస్తారు."

"ఐదు," అన్నారు మాస్టారు.

టైలరమ్మ కదలబోయినది కాస్తా ఆగిపోయింది. క్లాసులో ఈ లెక్కకి ఐదు అన్నవాణ్ణి మాస్టారు బడి చుట్టూ ఒకసారి నెమ్మదిగా, ఒకసారి పరుగున తిప్పించి, "ఇప్పుడు చెప్పు, ఎందులో ఎక్కువసేపు పట్టింది?" అని అడిగేవారు. ఆ మనిషి నోట ఐదు!

"ఐదేంటి మాస్టారూ?"

"నాలుగూ ఆరూ పది. అందులో సగం ఐదు."

ఆవిడ చేతిసంచీ కింద పెట్టేసింది. "కాదు మాస్టారూ. పక్క ఊరు పన్నెండు కిలోమీటర్లనుకోండి. వెళ్లడానికి మూడు గంటలు. రావడానికి రెండు. ఐదు గంటల్లో ఇరవై నాలుగు నడిచాడు. అంటే?"

"ఐదు," అన్నారు మాస్టారు ఆవిడ భుజం మీదుగా అవతలికి చూస్తూ.

"అయ్యో, నాలుగు పాయింట్ ఎనిమిది! నెమ్మదిగా నడిచిన సేపే ఎక్కువ కదా!"

"పన్నెండే ఎందుకనుకోవాలి?"

"ఎంతైనా అనుకోండి, అంతే వస్తుంది."

"పదిహేడు అనుకుందాం."

టైలరమ్మ గుండె నీరైపోయింది. ఇంత గొప్ప మనిషి, ఇలా అయిపోయారే అనుకుంది. ఓపిగ్గా వేళ్లు మడుస్తూ పదిహేడుని నాలుగుతో, పదిహేడుని ఆరుతో భాగించడం మొదలుపెట్టింది. శేషం దగ్గర చిక్కుపడింది. మొదటికొచ్చింది. ఆ మధ్యలో ఓ క్షణాన మాస్టారి మొహంలోకి ఒక్కసారిగా నెత్తురు వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన వాచీ మీద చూపు పెట్టి, "ఊఁ, ఊఁ, మళ్లీ చెప్పు," అంటూనే ఉన్నారు. చివరికి సగం వాక్యంలో ఆపేశారు.

"ఒప్పుకున్నాను. నాలుగు పాయింట్ ఎనిమిదే. వెళ్లు వెళ్లు. నీ మామూలు నడకే. ఎక్కడా ఆగకు!"

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వంతెన ఎక్కింది. మాస్టారు ఐదు అన్నారు. ఇదే మాట మనసులో తిరుగుతోంది. ఎవరికి చెప్పాలి? పిన్నిగారికి చెప్పాలా? ఆ ధ్యాసలో తల వంచుకుని మూపురం మీదికి చేరేసరికి ఎదురుగా రెండు తెల్లబూట్లు కనిపించాయి. తల ఎత్తింది.

చెల్లెలు.

మధ్యలో చెయ్యి చాపితే తగిలేంత జాగా. ఇద్దరూ కొయ్యబారిపోయారు. టైలరమ్మ వెనక్కి తిరిగింది. వెనకాల సైకిలు షాపువాడు సైకిలు నడిపించుకుంటూ దారి మూసేసి ఉన్నాడు. చెల్లెలు వెనక్కి తిరిగింది. వెనకాల నెత్తిన పరుపుచుట్టతో ఒకావిడ. సందు లేదు, గొందీ లేదు. కింద నది తప్ప ఇంకో దారి లేదు.

టైలరమ్మ చూపు దించుకుంది. ఆ చూపు పోయి పోయి చెల్లెలి కోటు అంచు మీద పడింది. వంకరటింకర కుట్లు. ఒకచోట గుప్పెడు బట్ట ముడతపడి దారం వేలాడుతోంది. కుట్టుపనిలో పండిన ఆవిడకి అది చూస్తూ ఊరుకోవడం సాధ్యం కాలేదు.

"ఆ అంచు ఎవడు కుట్టాడు?"

"నేనే కుట్టుకున్నా," అంది చెల్లెలు బింకంగా.

"కుట్టావా, కట్టు కట్టావా?"

చెల్లెలు పెదవి బిగబట్టింది. బిగబట్టినా నవ్వు ఆగలేదు. నవ్వు వెనకే ఏడుపూ ఆగలేదు. "అక్కా, ఆ రోజు నేను..."

"తెలుసు. ఆ బిడ్డ ఎలా ఉంది?"

"ఏ బిడ్డ?"

"ఆ రోజు నీ చేతుల్లో పుట్టిన బిడ్డ."

చెల్లెలు కోటు చేత్తో ముక్కు తుడుచుకుంది. "బాగుంది. మాటలొచ్చేశాయి. ఒకటే వాగుడు. నన్ను చూస్తే మాత్రం ఇంజక్షన్ అనుకుని వాళ్లమ్మ కొంగులో దూరుతుంది."

"నేనా మాట అనకుండా ఉండాల్సింది."

"నేనూ మర్నాడే వచ్చి నీ మీద అరవాల్సింది. వెళ్లిపోకుండా."

"ఇప్పుడు అరిచెయ్."

"ఇప్పుడు కాదమ్మా, మీ ఇంటికెళ్లి తీరిగ్గా అరుచుకోండి," అన్నాడు వెనకనుంచి సైకిలు షాపువాడు. "మీరు కలిసినందుకు నాకు చాలా సంతోషం. ముందుకో వెనక్కో తేల్చండి."

"నా మెడ విరుగుతోంది," అంది పరుపుచుట్ట ఆవిడ.

సైకిలువాడు చెల్లెల్నీ అక్కనీ మార్చి మార్చి చూసి ఇకిలించాడు. "మాస్టారి పనేనా? నన్నూ మా మామగారినీ కూడా ఇక్కడే కలిపారులెండి. ఆయన గొడుగు నా చక్రంలో ఇరుక్కుంది. అది ఊడదీసేలోపల మాట్లాడుకోక తప్పలేదు."

"నన్నూ మా ఆడపడుచునీ కూడా," అంది పరుపు కిందనుంచి గొంతు. "అప్పుడు లెక్క మూడుసార్లు తప్పింది. ఆవిడ ప్రతి కొట్టు దగ్గరా ఆగుతుంది."

అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నా పక్కన కూడా వాచీ పట్టుకుని నడిచారక్కా. గంటకి ఆరు అన్నారు," అంది చెల్లెలు.

"నాది నాలుగు అన్నారు," అంది టైలరమ్మ. నుదురు కొట్టుకుని, "అమ్మ మాస్టారో!" అంది.

ఇద్దరూ కలిసి కిందికి చూశారు. వంతెన మొదట్లో మెడ సాచి చూస్తున్న మాస్టారు, వాళ్ల చూపు తగలగానే గిరుక్కున తిరిగి ఇంటిదారి పట్టారు. ఆయన అంత వేగంగా నడవడం ఎప్పుడూ ఎవరూ చూడలేదు. ఆయన వేగం కొలిచేవాళ్లు ఎవరూ లేరు గాని, గంటకి ఎనిమిదికి తక్కువ ఉండదు.

అక్కాచెల్లెళ్లు ఆయన ఇంటికెళ్లి తలుపు తడితే మాస్టారి భార్య తీసింది. ఇద్దర్నీ పక్కపక్కన చూసి, "హమ్మయ్య," అంది. "ఆయన మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు. అన్నం తింటే అడ్డదారిన నడక మందగిస్తుందట. రండి లోపలికి."

మాస్టారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

"ఎందుకు మాస్టారూ ఇదంతా? ఒక్క మాట చెప్తే మేమే వెళ్లేవాళ్లంగా," అంది టైలరమ్మ.

"వెళ్లేదానివా?"

టైలరమ్మ నిజం చెప్పింది. "లేదు."

మాస్టారు పేపరు దించారు. "ముందు ఎవరు బయల్దేరాలి అన్న దగ్గరే మీ లెక్క ఆగిపోయింది. నా లెక్కల్లో ఆ గొడవ లేదు. ఇద్దరూ ఒకేసారి బయల్దేరతారు. అందుకని..." గొంతు సవరించుకున్నారు. "ఇవాళ ఈ పిల్ల డ్యూటీ దిగేసరికి ఎవరో ఆపేశారు. అవతలి ఒడ్డున ఆసుపత్రి గేటు దాటింది చూశాక కూడా నిన్ను ఆరు నిమిషాలు పట్టి ఉంచాల్సి వచ్చింది. వేరే దారి లేక ఐదు అన్నాను. బతికుండగా ఆ మాట అంటాననుకోలేదు."

"బెంచీ ఎక్కండి మాస్టారూ," అంది నర్సు.

మాస్టారి భార్య కాఫీ గ్లాసులతో వంటింట్లోంచి వస్తూ నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు.

బదిలీ మాత్రం బదిలీయే. వారం తిరిగేసరికి చెల్లెలు వెళ్లిపోవాల్సి వచ్చింది. వెళ్లేలోగా టైలరమ్మ ఆవిడ కోట్లన్నిటికీ అంచులు విప్పి కుట్టింది. బస్సు ఎక్కించే రోజు మాస్టారూ వచ్చారు. అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకటే బెంగ. సెలవు దొరికేది ఒక్క ఆదివారమే. వెళ్లి రావడంలోనే పొద్దు గడిచిపోతుంది. ఇక చూసుకునేదెప్పుడు?

"అంత దూరం ఎవరు వెళ్లమన్నారు?" అన్నారు మాస్టారు. "ఆదివారం పొద్దున్నే ఇక్కణ్ణుంచి ఒక బస్సు, అక్కణ్ణుంచి ఒక బస్సు. అదీ ఇదీ ఒకే వేళకి కదులుతాయి. అటుది కాస్త వేగం, ఇటుది కాస్త నిదానం. రెండూ ఎదురయ్యే చోట చెరొకరూ దిగిపోండి. సాయంత్రం బస్సులకి ఎవరి ఊరు వాళ్లు."

"ఆ చోటు ఎక్కడ పడుతుంది మాస్టారూ?" అంది చెల్లెలు.

"ఊరూ పేరూ లేని చోట. చుట్టూ పొలాలు. బస్సు ఆగదు."

అక్కాచెల్లెళ్ల మొహాలు వాడిపోయాయి.

"నిన్న వెళ్లి చూసొచ్చాను," అన్నారు మాస్టారు. "ఆపుతామని రెండు బస్సుల కండక్టర్లూ మాటిచ్చారు. రోడ్డు పక్కనే కాఫీ కొట్టు ఉంది, కాఫీ ఫర్వాలేదు. కూర్చోడానికి ఒకటే బెంచీ. ఇద్దరు సరిపోతారు. కొంచెం ఊగుతోందని ఓ కాలి కింద రాయి పెట్టి వచ్చాను."